దాటించే ముందు పరీక్ష: గుర్రాల అంటు గర్భాశయ వ్యాధి నుంచి మీ కొట్టాన్ని కాపాడుకోవడం ఎలా

కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల్లో గుర్రం బేరమాడేవారు ముందు సుడులు చూస్తారు. శుభమని నమ్మే దేవమణి సుడి ఉందా, పళ్ళను బట్టి వయసెంత, నడకలో కుంటు ఉందా, గిట్టలు పగిలి ఉన్నాయా అని చుట్టూ తిరిగి చూసుకొన్న తర్వాతే బయానా ఇస్తారు. అదే ఆడగుర్రాన్ని దాటించడానికి, అంటే మగగుర్రంతో కలపడానికి, తీసుకుపోయేటప్పుడు మాత్రం మగగుర్రం ఎత్తు, రంగు, జాతి చూసి తృప్తి పడతారు. దాని జననాంగం మీద ఏ సూక్ష్మజీవి చేరి ఉందో అడిగే అలవాటు మనలో ఇంకా రాలేదు. పెళ్ళి ఊరేగింపులకు గుర్రాలు నడిపేవారికీ, మార్వాడీ, కాఠియావాడీ గుర్రాలను ముచ్చటపడి పెంచుకొనేవారికీ, జట్కా కాలం నుంచి గుర్రాన్ని నమ్ముకొని బతుకుతున్న కుటుంబాలకూ మంచి మగగుర్రాలు దొరికేది తక్కువ కాబట్టి, ఒకే మగగుర్రం దగ్గరికి చుట్టుపక్కల ఊళ్ళన్నిటి నుంచీ ఆడగుర్రాలు వస్తాయి. ఆ ఒక్క గుర్రానికి అంటు ఉంటే అది ఎన్ని కొట్టాలకు చేరుతుందో ఆలోచించండి. ఆ ప్రమాదాన్ని తప్పించుకోవడానికి ఏం చేయాలో, ఏ వరుసలో చేయాలో ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

ముందు జబ్బు తీరు తెలుసుకోండి

ఈ జబ్బును పశువైద్యులు కంటేజియస్ ఈక్వైన్ మెట్రైటిస్ అని, పొట్టిగా సీఈఎమ్ అని అంటారు. టేలోరెల్లా ఈక్విజెనిటాలిస్ అనే బాక్టీరియా దీనికి కారణం. దీన్ని మొదట 1977లో ఇంగ్లండులో, పందెపు గుర్రాలకు పేరుపొందిన న్యూమార్కెట్‌లో గుర్తించారు. మరుసటి ఏడాదికే అది అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో కనబడింది. ప్రపంచ పశు ఆరోగ్య సంస్థ తెలియజేయవలసిన జబ్బుల జాబితాలో దీన్ని చేర్చింది. మన దేశంలో 2009లో వచ్చిన పశువుల అంటువ్యాధుల నివారణ, నియంత్రణ చట్టం షెడ్యూలులో కూడా ఇది ఉంది. మనుషులకు సోకే జబ్బు కాదు గనుక ఇంట్లోవాళ్ళు, గుర్రాన్ని చూసుకొనే సాయీసులు తమ ఆరోగ్యం గురించి భయపడవలసిన అవసరం లేదు.

దీని గురించి గట్టిగా గుర్తుపెట్టుకోవలసిన సంగతి ఒకటుంది. మగగుర్రంలో ఈ జబ్బుకు ఏ లక్షణమూ ఉండదు. జ్వరం రాదు, మేత తగ్గదు, వాపు రాదు, చీము కారదు, దాటడంలో ఉత్సాహం తగ్గదు, వీర్యం నాణ్యత కూడా చెడదు. బాక్టీరియా గుర్రం రక్తంలోకి పోకుండా, పురుషాంగం పైచర్మం మీద, తొడుగు ముడతల్లో పేరుకొనే మడ్డిలో, మూత్రనాళం కొస చుట్టూ ఉండే గుంటలో నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ళ తరబడి నిలిచి ఉంటుంది. అందువల్ల "మా గుర్రం నిగనిగలాడుతూ ఉంది, దానికేం జబ్బు" అనే మాటకు ఈ విషయంలో విలువ లేదు. యజమాని అబద్ధం చెప్పడం లేదు, ఆయనకు తెలిసే దారే లేదు.

ఆడగుర్రంలో మూడు రకాలుగా కనబడుతుంది. కొన్నింటికి దాటిన రెండు రోజుల నుంచి రెండు వారాల లోపల బూడిదరంగు కలిసిన తెల్లటి చిక్కని ద్రవం మానం నుంచి విపరీతంగా కారుతుంది. కొన్నింటికి కొద్దిగా మాత్రమే వస్తుంది కాబట్టి తోక కింద జాగ్రత్తగా చూస్తేనే తెలుస్తుంది. ఇంకొన్నింటికి పైకి ఏమీ కనబడదు, కానీ మానం కింది కొసలో ఉండే క్లిటోరిస్ అనే బుడిపె చుట్టూ ఉన్న గుంటలో, దాని పైభాగాన ఉండే సన్నని రంధ్రాల్లో బాక్టీరియా దాక్కొని ఉంటుంది. గర్భాశయం చాలా వరకు కొన్ని వారాల్లో తనంతట తాను కోలుకొన్నా, ఈ గుంటల్లో ఉన్నది మాత్రం అలాగే మిగిలిపోయి, తర్వాతి దాటింపులో మరో మగగుర్రానికి అంటుకొంటుంది.

దాటింపుకు రెండు నెలల ముందే పని మొదలుపెట్టండి

ఆడగుర్రం ఎదకు వచ్చిన రోజున పరీక్షల గురించి ఆలోచిస్తే ఏ పనీ జరగదు. ఎద ఐదు నుంచి ఏడు రోజులు మాత్రమే ఉంటుంది, మళ్ళీ రావడానికి సుమారు 21 రోజులు పడుతుంది. ప్రయోగశాలలో ఈ బాక్టీరియాను పెంచి చూడడానికే వారం నుంచి రెండు వారాలు కావాలి. వారం ఎడంతో రెండుసార్లు నమూనాలు తీయించడం మంచి పద్ధతి. వీటన్నిటికీ రవాణా రోజులు కలుపుకొంటే రెండు నెలల గడువు పెట్టుకోవడం అతి జాగ్రత్త ఏమీ కాదు.

మొదట మీరు దాటించాలనుకొన్న మగగుర్రం యజమానితో మాట్లాడండి. ఇది కొంచెం సున్నితమైన పని. పరీక్ష అడిగితే తన గుర్రాన్ని అనుమానించినట్టు అనుకొంటారని చాలామంది నోరు విప్పరు. నా సలహా ఏమిటంటే, మీ గుర్రం పరీక్షతో మాట మొదలుపెట్టండి. "అన్నా, నేను మా గుర్రానికి పరీక్ష చేయించి, ఆ కాగితం మీ చేతిలో పెట్టిన తర్వాతే తోలుకొస్తా. మీ గుర్రానికి కూడా చేయించండి, ఖర్చు చెరిసగం పెట్టుకుందాం" అంటే కాదనేవారు తక్కువ. నిజానికి ఈ పరీక్ష వల్ల ఎక్కువ మేలు జరిగేది మగగుర్రం యజమానికే, ఎందుకంటే తెలియని ఊళ్ళ నుంచి వచ్చే ప్రతి ఆడగుర్రమూ ఆయన గుర్రానికి అంటు తెచ్చిపెట్టగలదు. ఒకసారి అంటు తేలితే ఆ సీజను దాటింపులన్నీ ఆపుకోవలసి వస్తుంది.

మాట్లాడేటప్పుడే మరికొన్ని విషయాలు అడిగి రాసుకోండి. ఆ మగగుర్రం ఎక్కడి నుంచి వచ్చింది, నాందేడ్ దగ్గరి మాలెగావ్ జాతరలోనో, పుష్కర్ మేళాలోనో కొన్నదా, గత సంవత్సరంలో ఎన్ని ఆడగుర్రాలను దాటింది, వాటిలో దాటిన రెండు వారాల్లోనే మళ్ళీ ఎదకు వచ్చినవి ఏమైనా ఉన్నాయా, ద్రవం కారిందని ఎవరైనా చెప్పారా అని అడగండి. దాటిన గుర్రాల్లో చూడి నిలవనివి వరుసగా రెండు మూడు ఉన్నాయంటే పరీక్ష లేకుండా అక్కడికి వెళ్ళవద్దు.

తర్వాత మీ పశువుల డాక్టరును కలవండి. మన దగ్గర ఎక్కువగా ఆవులు, గేదెలు, గొర్రెలు చూసే డాక్టర్లే ఉంటారు కాబట్టి, గుర్రానికి ఈ నమూనాలు తీసిన అనుభవం ఉందా అని మర్యాదగా అడిగి తెలుసుకోవడంలో తప్పు లేదు. జిల్లా కేంద్రంలోని పశువుల పాలీక్లినిక్కులో గానీ, కడప జిల్లా వాళ్ళైతే ప్రొద్దుటూరు పశువైద్య కళాశాలలో గానీ సలహా దొరుకుతుంది. గుర్రాల జబ్బుల నిర్ధారణకు దేశంలో ముఖ్యమైన చోటు హర్యానాలోని హిసార్‌లో ఉన్న జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం. నమూనా తీయక ముందే డాక్టరు చేత అక్కడికి ఫోను చేయించి, ఏ రోజుల్లో నమూనాలు తీసుకొంటారు, నమూనా చెడకుండా ఏ మాధ్యమంలో పెట్టి పంపాలి, చేసేది బాక్టీరియాను పెంచి చూసే పెంపకం పరీక్షా, దాని జన్యుపదార్థాన్ని వెతికే పీసీఆర్ పరీక్షా, రుసుము ఎంత, ఏ ఫారం నింపాలి అనేవి కనుక్కోండి. ఈ ఒక్క ఫోను చేయక నమూనాలు పాడైపోతే మళ్ళీ మొదటి నుంచి రావలసి ఉంటుంది.

నమూనా తీయించే రోజు

నమూనా తీసేది డాక్టరే. మీరు చేయవలసింది గుర్రాన్ని సిద్ధంగా ఉంచడం, చేయకూడనివి చేయకుండా ఉండడం.

అన్నిటికంటే ముఖ్యంగా, నమూనాకు ముందు గుర్రం అంగాన్ని కడగవద్దు. డాక్టరు వస్తున్నాడని శుభ్రంగా కనబడాలని డెట్టాలో, సబ్బో పెట్టి తోమేవారు ఉన్నారు. అలా చేస్తే వెతుకుతున్న బాక్టీరియా పైపైన కొట్టుకుపోయి, లోపలి ముడతల్లో మిగిలి, పరీక్షలో లేదని వస్తుంది. అలాగే యాంటీబయాటిక్ ఇంజెక్షన్ ఏదైనా వేయించి ఉంటే కనీసం 7 రోజులు, అంగం మీద పూత మందు రాసి ఉంటే 21 రోజులు గడిచే వరకు నమూనా తీయించవద్దు. కాలికి దెబ్బ తగిలితే వేయించిన ఇంజెక్షనైనా సరే డాక్టరుకు చెప్పాలి.

మగగుర్రానికి మూడు చోట్ల దూదిపుల్లతో నమూనాలు తీస్తారు. పురుషాంగం కొసన మూత్రనాళం చుట్టూ ఉండే గుంట ఒకటి, మూత్రనాళం మొదటి భాగం ఒకటి, పురుషాంగం చర్మం, తొడుగు లోపలి ముడతలు ఒకటి. ఒక్కొక్క చోటికి ఒక్కొక్క పుల్ల, ఒక్కొక్క గొట్టం. గుర్రం అంగాన్ని బయటికి వదలడానికి ఎదలో ఉన్న ఆడగుర్రాన్ని కొంత దూరంలో చూపించడం ఒక మార్గం. మత్తు ఇవ్వవలసి వస్తే ఏ మందు అనేది డాక్టరే నిర్ణయించాలి. కొన్ని మత్తుమందుల వల్ల మగగుర్రం అంగం తిరిగి లోపలికి పోకుండా వేలాడిపోయే ప్రమాదం ఉంది కాబట్టి, దుకాణంలో దొరికింది తెచ్చి సొంతంగా వేయకండి.

ఆడగుర్రానికి క్లిటోరిస్ చుట్టూ ఉన్న గుంట నుంచి, దాని పైన ఉన్న సన్నని రంధ్రాల నుంచి నమూనాలు తీస్తారు. ఆ రంధ్రాల్లోకి మామూలు దూదిపుల్ల దూరదు. పసిపిల్లలకు వాడే సన్నని పుల్లలు ముందే తెప్పించి ఉంచుకొమ్మని డాక్టరుకు గుర్తుచేయండి, ఎందుకంటే ఎక్కువసార్లు బాక్టీరియా దొరికే చోట్లలో అది ఒకటి. గుర్రం ఎదలో ఉండి, చూడి లేదని తేలితే గర్భాశయం నుంచి కూడా తీస్తారు. చూడిగా ఉన్నదానికి మాత్రం గర్భాశయంలోకి పుల్ల పెట్టనివ్వకండి, పిండం పోతుంది. దాని విషయంలో బయటి గుంట, రంధ్రాల నమూనాలతో సరిపెట్టాలి.

ప్రతి గుర్రానికీ కొత్త చేతితొడుగులు వాడాలి. ఒకే రోజు మీ గుర్రానికీ, పక్కవాళ్ళ గుర్రానికీ నమూనాలు తీస్తున్నప్పుడు, తొడుగుల పెట్టె అయిపోయిందని అవే తొడుగులు నీళ్ళతో కడిగి వాడితే, పరీక్ష పేరుతో మనమే అంటు పంచినట్టు అవుతుంది. 2008 డిసెంబరులో కెంటకీలో ఒక మగగుర్రానికి, దాని వీర్యాన్ని విదేశాలకు పంపడానికని చేసిన పరీక్షలో ఈ జబ్బు బయటపడింది. ఆ జాడ పట్టుకొని వెతికితే చివరికి 23 మగగుర్రాలకూ, 5 ఆడగుర్రాలకూ అంటు తేలింది. ఆ మగగుర్రాల్లో చాలా వాటికి అది దాటింపు వల్ల అంటలేదు. వీర్యం సేకరించే చోట అందరి గుర్రాలకూ వాడిన పరికరాలు, ఆడగుర్రానికి బదులు మగగుర్రాన్ని ఎక్కించే బొమ్మ, మనుషుల చేతుల ద్వారా అంటుకొంది. దాటింపు మానేసినంత మాత్రాన అంటు ఆగదని ఆ సంఘటన చెబుతోంది.

ఎండలో నమూనా చెడకుండా పంపడం

మన జిల్లాల్లో చాలా పరీక్షలు వమ్మయ్యేది ఇక్కడే అని నా నమ్మకం. ఈ బాక్టీరియా చాలా సుకుమారమైనది. పెరగడానికి గాలిలో కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా, 5 నుంచి 10 శాతం వరకు ఉండాలి, పెరుగుదల కూడా నిదానం. పుల్ల మీద దీనితో పాటు చేరే మామూలు బాక్టీరియా వేడిలో గబగబా పెరిగి దీన్ని కప్పేస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటే అనంతపురం ఎండలో పుల్లను చొక్కా జేబులో పెట్టుకొని బస్సెక్కితే, హిసార్ చేరేసరికి అందులో వెతకడానికి ఏమీ మిగలదు. అప్పుడు వచ్చే "లేదు" అనే ఫలితాన్ని నమ్మి దాటించడం పరీక్ష లేకుండా దాటించడం కంటే ప్రమాదం.

అందుకని ఇలా చేయండి. పుల్లలను పెట్టవలసింది బొగ్గుపొడి కలిపిన ఏమీస్ మాధ్యమం ఉన్న గొట్టంలో. చూడడానికి నల్లని జెల్లీలా ఉంటుంది. బొగ్గు హానికరమైన పదార్థాలను పీల్చుకొని బాక్టీరియాను బతికిస్తుంది. గొట్టం మీద గడువు తేదీ చూడండి, లోపలి జెల్లీ ఎండి అంచులు విడిపోయి ఉంటే అది పనికిరాదు. పుల్ల కొస జెల్లీలో పూర్తిగా మునగాలి. మూత బిగించి, గుర్రం పేరు, రంగు, మైక్రోచిప్ సంఖ్య ఉంటే అది, నమూనా తీసిన చోటు, తేదీ, గంట రాసిన కాగితాన్ని అంటించి, దాని మీద పారదర్శకమైన టేపు చుట్టండి, లేకపోతే మంచు నీటికి సిరా కారిపోతుంది.

తర్వాత థర్మోకోల్ పెట్టెలో గడ్డకట్టిన జెల్ ప్యాకులను అడుగున, పక్కల పెట్టి, గొట్టాలకు నేరుగా తగలకుండా మధ్యలో మడిచిన దినపత్రిక వేయండి. లోపల సుమారు 4 డిగ్రీల చల్లదనం ఉండాలి గానీ నమూనా గడ్డకట్టకూడదు. 24 గంటల్లో చేరితే మేలు, 48 గంటలు మించకూడదు. రైలులో ఢిల్లీ చేరడానికే ఒక రోజు పైన పడుతుంది, అక్కడి నుంచి హిసార్ మరికొన్ని గంటల దారి. విమానంలో పంపడమే మంచిది. అనంతపురం వారికి జాతీయ రహదారి 44 మీద బెంగళూరు విమానాశ్రయం, కర్నూలు వారికి అదే రహదారి మీద శంషాబాద్ అందుబాటులో ఉంటాయి. కడప వారు బెంగళూరు గానీ చెన్నై గానీ చూసుకోవాలి. సోమవారం గానీ మంగళవారం గానీ తెల్లవారుజామున నమూనాలు తీయించి, అదే పూట బయలుదేరదీయండి. శుక్రవారం తీస్తే శని, ఆదివారాలు ఎక్కడో గోదాములో గడిచిపోతాయి. ఇద్దరు ముగ్గురు యజమానులు కలిసి ఒకే రోజు పంపుకొంటే ఖర్చు తగ్గుతుంది.

పీసీఆర్ పరీక్ష బాక్టీరియా జన్యుపదార్థాన్ని వెతుకుతుంది కాబట్టి దారిలో కొంత బాక్టీరియా చచ్చినా ఫలితం వస్తుంది. మన దూరాలకూ, మన ఎండలకూ అది అనువైనది. ఆ సౌకర్యం ఉందంటే దాన్నే అడగండి. పెంపకం పరీక్ష అయితే కనీసం 7 రోజులు పెంచి చూడనిదే లేదని చెప్పరు, ఒక్కోసారి 14 రోజులూ పడుతుంది. మధ్యలో ఫోను చేసి తొందరపెట్టకండి. రక్తపరీక్ష చేయిస్తే చాలదా అని కొందరు అడుగుతారు. చాలదు. మగగుర్రం రక్తంలో దీనికి ప్రతిరక్షకాలు కనబడవు. ఆడగుర్రంలో అంటు తగిలిన మూడో వారం నుంచి ఆరో వారం వరకు కనబడవచ్చు గానీ, ఏళ్ళుగా మోస్తున్నదాన్ని రక్తం పట్టివ్వదు.

దాటింపు రోజు

రెండు గుర్రాల కాగితాలూ చేతికి వచ్చాక కూడా శుభ్రత వదలకూడదు. ఆడగుర్రం తోకకు వాడి పారేసే గుడ్డ చుట్టండి. మానం చుట్టూ గోరువెచ్చని మంచినీళ్ళతో, ఒకసారి వాడి పారేసే దూదితో కడగండి. అందరి గుర్రాలకూ ఒకే స్పాంజి, ఒకే బకెట్ వాడే పద్ధతిని పూర్తిగా మానుకోండి. బకెట్ ఒకటే ఉంటే ప్రతి గుర్రానికీ లోపల కొత్త ప్లాస్టిక్ సంచి వేసి నీళ్ళు పోయండి. గుర్రాన్ని పట్టుకొనే మనిషి, అంగాన్ని సర్దే మనిషి వేరువేరుగా ఉంటే ఇంకా మంచిది.

మగగుర్రాన్ని ప్రతి దాటింపుకు ముందూ ఘాటైన క్రిమినాశకంతో తోమడం మంచిదని కొందరు నమ్ముతారు. అది హాని చేస్తుంది. చర్మం మీద సహజంగా ఉండే నిరపాయమైన బాక్టీరియా పోయి, ఆ ఖాళీలో సూడోమోనాస్, క్లెబ్సియెల్లా వంటి మొండి బాక్టీరియా చేరుతుంది. అవి కూడా దాటింపు ద్వారా అంటి గర్భాశయాన్ని చెడగొట్టేవే. మామూలు రోజుల్లో గోరువెచ్చని నీళ్ళు చాలు.

ఒక నోటుపుస్తకంలో దాటిన తేదీ, రెండు గుర్రాల పేర్లు, సుడులు, గుర్తులు, యజమానుల ఊళ్ళు, పరీక్ష ఫలితాల తేదీలు రాసి ఇద్దరూ సంతకం పెట్టుకోండి. తర్వాత ఎక్కడైనా జబ్బు తేలితే ఎవరెవరికి కబురు చేయాలో చెప్పగలిగేది ఆ పుస్తకమే.

దాటిన తర్వాత రెండు వారాలు

ఈ రెండు వారాలు రోజూ పొద్దున్నే, కొట్టం ఊడవక ముందు చూడాలి. రాత్రి పడుకొన్నప్పుడు కారిన ద్రవం గడ్డి మీద, తొడల లోపలి వైపు, తోక వెంట్రుకల అడుగున ఎండి అట్టకట్టి ఉంటుంది. గోరుతో గీరితే పొడిగా రాలుతుంది, చుట్టూ ఈగలు ముసురుతాయి. ఊడ్చి, కడిగిన తర్వాత చూస్తే ఈ గుర్తులు కనబడవు. మామూలుగా 21 రోజులకు రావలసిన ఎద పది, పన్నెండు రోజులకే వచ్చిందంటే అది కూడా అనుమానించవలసిన గుర్తే.

ద్రవం కారిన ప్రతి గుర్రానికీ ఈ జబ్బే ఉందనుకొని కంగారు పడకండి. స్ట్రెప్టోకాకస్, ఈ-కోలై వంటి మామూలు బాక్టీరియా వల్ల వచ్చే గర్భాశయపు వాపులే ఎక్కువ. ఏదన్నది కంటితో ఎవరూ చెప్పలేరు, నమూనా చెప్పవలసిందే.

అనుమానం వచ్చినప్పుడు

ఆ గుర్రాన్ని వెంటనే మిగతావాటి నుంచి వేరుచేయండి. గాలి ద్వారా పాకదు కాబట్టి దూరంగా పంపనక్కరలేదు, విడి కట్టుకొయ్య, విడి బకెట్, విడి గుడ్డలు, చివరగా చూసుకోవడం, ఇంతే. దాటించడం, దాటడం పూర్తిగా ఆపేయండి. దాటిన మగగుర్రం యజమానికి ఆ రోజే చెప్పండి, ఆయన కూడా ఫలితం వచ్చే వరకు తన గుర్రాన్ని ఆపాలి. చెప్పడానికి సంకోచించి వారం ఆగితే ఆ వారంలో మరో రెండు గుర్రాలు దాటి ఉండవచ్చు.

2009 చట్టం ప్రకారం షెడ్యూలులోని జబ్బు ఉందని అనుమానించిన యజమాని గ్రామ అధికారికి గానీ, పంచాయతీకి గానీ తెలియజేయాలి, పశువును వేరుగా ఉంచాలి. మన రాష్ట్రంలో 1962 నంబరుకు ఫోను చేస్తే సంచార పశువైద్య వాహనం సేవ దొరుకుతుంది, దగ్గరి పశువుల ఆసుపత్రి డాక్టరుకు నేరుగా చెప్పినా పని మొదలవుతుంది.

ఇంతలో తోచిన ఇంజెక్షన్ వేయించవద్దు. పశువులకు ఊరూరా వేసే పెన్సిలిన్, స్ట్రెప్టోమైసిన్ కలిపిన ఇంజెక్షన్ ఇక్కడ రెండు విధాల చెరుపు. ఈ బాక్టీరియాలో స్ట్రెప్టోమైసిన్‌కు లొంగని రకాలు ఉన్నాయి, పైగా ఇంజెక్షన్ మందు చర్మపు ముడతల్లోని మడ్డి దాకా సరిగా చేరదు. బాక్టీరియా చావదు, పరీక్షలో మాత్రం కొన్నాళ్ళు కనబడకుండా పోతుంది.

జబ్బు తేలితే చికిత్స

నయమయ్యే జబ్బే ఇది, గుర్రాన్ని తెగనమ్ముకోవలసిన పని లేదు. తెలిసి తెలిసి మరొకరికి అమ్మడం అయితే అన్యాయం, అంటు మళ్ళీ మన ఊళ్ళలోనే తిరుగుతుంది.

మగగుర్రానికి డాక్టరు పర్యవేక్షణలో 4 శాతం క్లోర్‌హెక్సిడిన్ ద్రావణంతో పురుషాంగాన్ని, తొడుగు లోపలి ముడతలన్నిటినీ, కొసన ఉన్న గుంటను మడ్డి అంతా పోయేలా మెత్తగా రుద్ది కడిగి, ఆరబెట్టి, సిల్వర్ సల్ఫాడయజిన్ వంటి పూత మందును నిండుగా పట్టిస్తారు. ఇలా వరుసగా 5 రోజులు, ఒక్క రోజు కూడా వదలకుండా చేయాలి. మూడో రోజుకే శుభ్రంగా ఉందని ఆపేస్తే మొదటికే వస్తుంది. గరుకు బ్రష్షు వాడవద్దు, చర్మం చీరుకుపోతే గుర్రం తర్వాత దాటడానికే భయపడుతుంది.

ఆడగుర్రానికి క్లిటోరిస్ గుంటను, రంధ్రాలను ఇదే విధంగా 5 రోజులు శుభ్రం చేసి పూత మందు నింపుతారు. రంధ్రాల్లో గట్టిపడిన మడ్డిని ముందుగా తీయాలి. గర్భాశయంలోకి యాంటీబయాటిక్ ఎక్కించడం అవసరమా కాదా అన్నది డాక్టరు నిర్ణయిస్తారు. క్లోర్‌హెక్సిడిన్‌ను మాత్రం గర్భాశయం లోపలికి పోయనివ్వకండి, లోపలి పొర దెబ్బతిని మళ్ళీ చూడి కట్టదు. ఎంత చేసినా రంధ్రాల్లో బాక్టీరియా పోకపోతే ఆ రంధ్రాలను శస్త్రచికిత్సతో తీసివేసే మార్గం ఉంది.

చికిత్స ముగిసిన 21 రోజుల తర్వాత మళ్ళీ నమూనాలు తీయించండి, వారం వారం ఎడంతో మూడుసార్లు లేదని వచ్చాకే దాటింపు గురించి ఆలోచించండి. మగగుర్రం విషయంలో అమెరికా వంటి దేశాలు ఇంకో మెట్టు ఎక్కి, జబ్బు లేని రెండు ఆడగుర్రాలను దాటించి వాటికి అంటిందా అని కూడా పరీక్షిస్తాయి. ఇంత పట్టుదలతో వెతికి, మోస్తున్న గుర్రాలను ఒక్కొక్కటిగా పట్టుకొనే జపాన్ తన థరోబ్రెడ్ అనే పందెపు జాతి గుర్రాల్లో ఈ జబ్బును నిర్మూలించగలిగింది.

కొట్టం శుభ్రతకు పెద్ద ఖర్చు లేదు. గుర్రం శరీరం బయట ఈ బాక్టీరియా ఎక్కువ కాలం బతకదు, మామూలు బ్లీచింగ్ ద్రావణానికి చచ్చిపోతుంది. వాడిన దూది, గుడ్డలు, తొడుగులు కాల్చివేయండి. బకెట్లు, కట్టుకొయ్యలు, తోక కట్లు సబ్బుతో కడిగి, బ్లీచింగ్ నీళ్ళు పట్టించి ఎండలో ఆరనివ్వండి. ఈ ఒక్క పనికి మన ఎండ కలిసివస్తుంది.

వీర్యం తెప్పించుకొనేవారికి, గాడిదలు ఉన్నవారికి, పిల్ల పుట్టినప్పుడు

కృత్రిమ గర్భధారణ అయితే అంటు రాదనుకోవడం పొరపాటు. సేకరించేటప్పుడు అంగం మీద ఉన్న బాక్టీరియా వీర్యంలో కలుస్తుంది. వీర్యంలో కలిపే యాంటీబయాటిక్ దాన్ని తగ్గిస్తుంది గానీ పూర్తిగా చంపుతుందని నమ్మకం లేదు. కాబట్టి వీర్యం పంపేవారిని కూడా ఆ మగగుర్రం పరీక్ష కాగితం అడగండి.

బట్టల మూటలకు, ఇసుకకు, ఇటుకలకు గాడిదలు పెంచే ఇళ్ళు మన ప్రాంతంలో ఉన్నాయి. గాడిదల్లో టేలోరెల్లా ఆసినిజెనిటాలిస్ అనే దగ్గరి చుట్టం ఉంటుంది, పెంపకం పరీక్షలో రెండూ ఒకేలా కనబడతాయి, పీసీఆర్ వాటిని విడదీస్తుంది. మగగాడిదను ఆడగుర్రం మీద దాటించి కంచరగాడిదలను పుట్టించేవారు గాడిదకు కూడా ఇదే వరుసలో పరీక్ష చేయించాలి.

అంటు ఉన్న గుర్రం చూడి నిలుపుకొని, పదకొండు నెలలకు ఈనితే, ఆ మాయను చేతితొడుగులు లేకుండా ముట్టుకోవద్దు. డాక్టరు దాని నుంచి కూడా నమూనా తీస్తారు, తర్వాత కుక్కలకు అందకుండా లోతుగా గుంట తీసి సున్నం వేసి పూడ్చండి. పుట్టిన పిల్లకు తల్లి నుంచి అంటు తగిలి, అది పెద్దయ్యే వరకు ఏ గుర్తూ లేకుండా మోయవచ్చు. ఆ పిల్ల ఆడదైనా, మగదైనా, ఎంత ముద్దొచ్చేలా ఎదిగినా, మొదటి దాటింపుకు ముందు దాని పేరున కూడా పరీక్ష కాగితం ఉండాలి. అమ్మేస్తే కొన్నవారికి ఈ సంగతి చెప్పి, నోటుపుస్తకంలోని ఆ పుటకు నకలు తీసి ఇవ్వండి.